సవరణ ఎందరికి చేరుతుంది?
శాస్త్రవేత్తలు కొత్త ఫలితాన్ని తొందరపడి ప్రకటించినా నష్టం లేదు, తప్పుంటే తోటి శాస్త్రవేత్తలే సరిదిద్దుతారని ఒక వ్యాసంలో రాశారు. సరిదిద్దుతారు, నిజమే. కానీ మొదటి వార్త విన్నవాళ్లలో సవరణ విన్నవాళ్లెంతమంది? 2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోప్ బృందం విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటి గురుత్వ తరంగాల (స్థలకాలంలో పుట్టే అలల) జాడ దొరికిందని ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పింది. ఏడాది తిరక్కుండానే ప్లాంక్ ఉపగ్రహ డేటాతో కలిపి చూస్తే ఆ సంకేతంలో చాలా భాగం పాలపుంతలోని ధూళిదేనని తేలింది. నా స్నేహితుల్లో సగం మందికి ఈ రెండో సంగతి ఇప్పటికీ తెలియదు. అలాగని అందరినీ ఒకే గాటన కట్టలేం. 2011లో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందే వచ్చాయన్న ఇటలీలోని ఒపెరా ప్రయోగ బృందం, మాకే నమ్మకం కుదరడం లేదు, మీరూ పరీక్షించండి అన్న ధోరణిలోనే మాట్లాడింది. చివరికి ఆ తేడాకు కారణంగా దొరికింది సరిగ్గా బిగించని ఫైబర్ కేబుల్! పీజీ ల్యాబ్‌లో నాకూ ఇదే జరిగింది. వింత రీడింగ్ వచ్చిందని క్లాసంతా చాటేశాను, తీరా చూస్తే ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ వైరు స్క్రూ వదులుగా ఉంది. మా సార్ ఏమీ అనలేదు, స్క్రూడ్రైవర్ చేతికిచ్చారంతే.