శుభలేఖ మందం

ఇనుప రేకును కోసే షియరింగ్ మిషన్‌లో పైబ్లేడుకూ కిందిబ్లేడుకూ మధ్య ఉండవలసిన సందు, మామూలు మెత్తని ఉక్కు విషయంలో, రేకు మందంలో సుమారు ఐదు నుంచి పది శాతం. అంటే 3 మిల్లీమీటర్ల ప్లేటుకు మిల్లీమీటరులో ఐదో వంతు చాలు. కూలర్ డబ్బాలకు వాడే 22 గేజి రేకుకైతే, అంటే సుమారు ముప్పావు మిల్లీమీటరు మందం ఉన్నదానికైతే, 0.05 మిల్లీమీటరు దగ్గర నిలపాలి. వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు బీరువాలు, కూలర్లు తయారుచేసే మా మేనమామకు ఈ లెక్క తెలియక కాదు. చెప్పిన వాళ్లందరికీ ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది: "గంత సన్నపు లెక్కలు బంగారం దుకాణంల కావాలె గని, ఇనుప దుకాణంల ఎందుకు?"

సందు కొలిచే ఫీలర్ గేజి, అంటే ఒక్కో మందానికి ఒక్కో సన్నని ఉక్కు ఆకు ఉండే కట్ట, షాపులో ఒకటి ఉండేది. మిషన్ నడిపే పిల్లవాడు మోటారు సైకిల్ ఇంజన్‌లో ట్యాపెట్ల సందు సరిచేసుకోవడానికి దాన్ని ఇంటికి తీసుకుపోయి, అన్నింటికంటే సన్నని ఆకు లేకుండా తిరిగి తెచ్చాడు. ఆ ఆకు ఒక ఆదివారం మటన్ భోజనం తరువాత పంటి సందులో విరిగిందని షాపులో అందరూ చెప్పుకుంటారు. విరగనిచ్చిన ఆ పిల్లవాడు మాత్రం ఆ ప్రస్తావన వస్తే నోరు మూసుకుంటాడు.

గేజి పోయిన తరువాత మామ కొత్తది కొనలేదు. పెళ్లి పత్రికలతో పని నడిపించాడు. ఇందులో ఆయన తెలివిని తక్కువ చేయలేము, ఎందుకంటే మామూలు రాత కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, మంచి అట్ట దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. కాబట్టి కాంట్రాక్టరు కూతురి పెళ్లి పత్రిక మందపు ప్లేటుకు, దూరపు చుట్టం కొడుకు పెళ్లికి పంచిన కరపత్రం లాంటి కాగితం సన్న రేకుకు అని ఆయన విభజించుకున్నాడు. వైశాఖంలో పెళ్లిళ్లూ కూలర్ల గిరాకీ ఒకేసారి రావడం వలన కొలతలకు ఏనాడూ కొరత రాలేదు.

మొన్నటి ఎండల్లో కూలర్ల ఆర్డరు పెద్దదే వచ్చింది. అంతకుముందు గేటు పనికి 3 మిల్లీమీటర్ల ప్లేటు కోసి ఉన్నారు కనుక సందు తగ్గించవలసి వచ్చింది. మామ కిందిబ్లేడును మోసే బల్ల బోల్టులు వదులు చేసి, సన్న కాగితపు పత్రిక తీసుకుని, దాని మూలను ఈ చివరా ఆ చివరా బ్లేడ్ల మధ్య పెట్టి బిగించాడు. పత్రిక సన్ననిదే. కానీ పంచిన వాళ్లు ఆచారం తప్పకుండా నాలుగు మూలలకూ పసుపు ముద్దగా పూశారు, అది ఎండి పెచ్చు కట్టింది. సందు కాగితానికి కాక పసుపుకు సరిపోయింది.

సన్న రేకుకు సందు ఎక్కువైతే బ్లేడు దాన్ని కోయదు. వంచి, సందులోకి లాక్కుంటుంది. పిల్లవాడు పెడలు తొక్కగానే రేకు పూర్ణం లేని కజ్జికాయలా మడతపడి రెండు బ్లేడ్ల నడుమ బిగుసుకుంది. పైబ్లేడు సగంలో నిలిచిపోయింది, బెల్టు కాలిన వాసన వీధి దాకా వెళ్లింది, ఆ వాసన వెంట వైద్యులు వచ్చారు. టీ కొట్టు యజమాని బ్లేడు మొద్దుబారిందన్నాడు. ఆటో డ్రైవరు గేరు ఆయిలు అడిగాడు. మా అత్తమ్మ ఎవరితోనూ వాదించకుండా నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి మిషన్‌కు కట్టింది. నిజం చెప్పాలంటే, ఆ పూట మిషన్‌కు ఏ హానీ చేయని చికిత్స అదొక్కటే. మామ మాత్రం యాంగిల్ గ్రైండరు చేతిలోకి తీసుకుని, "అంచుకు ఒక్క చెయ్యి వేస్తే అయిపోతది" అన్నాడు.

సరిగ్గా అప్పుడు కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన ఫిట్టర్ తాత వచ్చాడు. ఆయన మొదట గ్రైండరు ప్లగ్గు పీకాడు, తరువాత మిషన్ మెయిన్ స్విచ్ ఆపాడు. చేతి గ్రైండరుతో అంచు అలలు అలలుగా అవుతుందనీ, వేడికి బ్లేడు పదును నిలిపే గట్టితనం పోతుందనీ, సాన పట్టాలంటే నీళ్లు పోస్తూ సర్ఫేస్ గ్రైండింగ్ మిషన్ మీదే పట్టించాలనీ, అరిగినంత మేర వెనుక షిమ్ములు, అంటే సన్నని రేకు ముక్కలు, పెట్టుకోవాలనీ ఆయన వరుసగా చెబుతుంటే, మామ గ్రైండరును మెల్లగా వీపు వెనక్కి తీసుకుపోయాడు.

తాత బోల్టులు వదిలి బల్లను వెనక్కి జరిపి, మిషన్‌ను తిప్పే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీలును, చేత్తో వెనక్కి తిప్పించి రేకును బయటికి లాగాడు. కిందిబ్లేడు విప్పి చూసి, "దీనికి నాలుగు అంచులుంటయి సేటూ. నువ్వు ఇన్నేండ్లు ఒక్క అంచు మీదనే బతికినవు" అన్నాడు. కొత్త బ్లేడు ధర ఫోనులో బేరమాడుతున్న మామ ఆ మాట వినగానే అవతలివాడికి చెప్పకుండానే ఫోను పెట్టేశాడు.

అంచు తిప్పి, నడుమ నుంచి చివరలకు బోల్టులు బిగించిన తరువాత తాత తన సంచిలోని ఫీలర్ గేజి తీశాడు. కానీ అంతకు ముందు ఒక పరీక్ష ఉంది. ఫ్లైవీలును చేత్తో తిప్పుతూ, బ్లేడు పొడవునా అక్కడక్కడా సన్న కాగితం పెట్టి కోస్తే, అన్నిచోట్లా ఒకే తీరుగా తెగాలి. ఎక్కడ నలిగితే అక్కడ సందు ఎక్కువున్నట్టు. "జర సన్న కాగితం ఏదన్న ఇయ్యి బిడ్డా, పసుపు లేనిది" అన్నాడు తాత. పిల్లవాడు బల్ల మీద నుంచి పొడుగాటి చీటీ ఒకటి అందించాడు. అది ఈ చివర తెగింది, నడుమ తెగింది, ఆ చివర మరింత శుభ్రంగా తెగింది. తాత తృప్తిగా తల ఊపి 0.05 ఆకు పెట్టి సందు ఖాయం చేశాడు, మొదటి రేకు గరుకు అంచు లేకుండా దిగింది.

షాపు లెక్కలు రాసే నేను అప్పుడు కింద పడిన ముక్కలు ఏరి చూశాను. అది ఆ నెల కరెంటు బిల్లు. కట్టవలసిన మొత్తం ఒక ముక్కలోనూ, ఆఖరి తేదీ మరో ముక్కలోనూ ఉన్నాయి. సర్వీసు నంబరు మాత్రం సరిగ్గా నడిమికి, చాలా నున్నగా తెగింది.