తాళం ముందు ఎర్రర్ మెసేజ్‌కే

ఈమెయిళ్ళకూ ఫైళ్ళకూ రహస్య తాళం వేసే జీపీజీ అనే సాఫ్ట్‌వేర్‌తో కమాండ్ లైన్‌లో కీ తయారు కావడం లేదని సణిగేవాళ్ళు ఒక గొప్ప సంగతి గమనించడం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ మన ఉత్తరాలకు తాళం వేయడం తర్వాతి మాట, ముందు తన ఎర్రర్ మెసేజ్‌లకే వేసుకుంది. వాటిని విప్పే ప్రైవేట్ కీ రాసినవాళ్ళ దగ్గర భద్రంగా ఉంది.

అడిగినవాటికల్లా జవాబులిచ్చాక, తీరా కీ పుట్టే సమయానికి "ఇన్‌అప్రోప్రియేట్ ఐఆక్టల్ ఫర్ డివైస్" అంటుంది. ల్యాప్‌టాప్ పాడైందేమోనని టెన్షన్ పడే అమాయకులున్నారు. దాని భావం ఇంతే: కీకి కాపలా కాసే పాస్‌ఫ్రేజ్ (పొడుగాటి పాస్‌వర్డ్) అడుగుదామంటే మీరు ఏ టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) దగ్గరున్నారో తెలియలేదు. ఆ ముక్క చెప్పడానికి మొహమాటం! టెర్మినల్ పేరు చెప్పే టీటీవై కమాండ్ ఇచ్చే జవాబును జీపీజీ_టీటీవై అనే వేరియబుల్‌లో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఏమీ ఎరగనట్టు పని కానిచ్చేస్తుంది.

యూజర్‌ని మార్చే ఎస్‌యూ కమాండ్ కొట్టి ఇంకో యూజర్‌గా మారి కీ తయారు చేయబోతే "పర్మిషన్ డినైడ్" అంటుంది. దేనికి పర్మిషన్, ఎవరు కాదన్నారు? అది ప్రభువుల రహస్యం. టెర్మినల్ ఇంకా మొదట లాగిన్ అయిన యూజర్ పేరు మీదే ఉందనీ, పాస్‌ఫ్రేజ్ అడిగే పిన్‌ఎంట్రీ అనే ప్రోగ్రామ్ దాన్ని తెరవలేకపోయిందనీ మనం తపస్సు చేసి తెలుసుకోవాలి. (నేరుగా ఆ యూజర్‌గా లాగిన్ అయితే తపస్సు అక్కర్లేదు.)

పాత వెర్షన్లు కీ యజమాని పేరులో కనీసం 5 అక్షరాలుండాలనేవి. ఇంగ్లీషులో నాలుగక్షరాల రవికీ సీతకీ దాచుకునే రహస్యాలేం ఉంటాయిలే అని కాబోలు.

ఇక కీ ఎవరి ఊహకీ అందకూడదంటే రాండమ్ బైట్లు చాలా కావాలి, ఈలోగా మౌస్ కదపండి అనే సలహా. ఎక్కడో డేటా సెంటర్లో ఉన్న సర్వర్‌కి మౌసేది? ఎంట్రోపీ (ఆ రాండమ్‌నెస్‌కి ముడిసరుకు) చాలక అలా బిగుసుకుపోయే జబ్బు 2020లో వచ్చిన లైనక్స్ 5.6 కెర్నల్‌తో చాలావరకు పోయింది.

ఇంత సతాయింపు అవసరమా అంటే, సతాయింపు లేని రోజులూ చూశాం. 2006లో లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్ళు, వ్యాల్‌గ్రిండ్ అనే తనిఖీ సాధనం వార్నింగ్‌లు ఇస్తోందని కీలు తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో కొంత కోడ్ తీసేశారు. వార్నింగ్‌లు పోయాయి, వాటితోపాటు రాండమ్‌నెస్సూ పోయింది. చివరికి మిగిలింది నడిచే ప్రోగ్రామ్‌కిచ్చే నంబరు, అంటే ప్రాసెస్ ఐడీ ఒక్కటే, కాబట్టి ఒక్కో రకం కీకి సాధ్యమయ్యేవి దాదాపు 32 వేలే. జీపీజీ కీలు ఆ గండం తప్పించుకున్నాయి గానీ సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కీలు దొరికిపోయాయి. సంగతి బయటపడింది 2008 మేలో. అప్పటిదాకా కీలు చకచకా పుట్టాయి, ఒక్క ఎర్రర్ లేదు, ఎవరూ సణగలేదు.