మూతపడ్డ గేటుకు మిలిటరీ కాపలా

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఉద్యోగాలు లేవంటే నేనొప్పుకోను. నాలుగొందల ఉద్యోగాలు పోయిన ప్రతిచోటా ఒకటి పుడుతూనే ఉంది. మార్కాపురం వైపు పలకల ఫ్యాక్టరీ ఒకటి మూతపడిందనుకోండి. రాయి కోసేవాళ్లు, ఫ్రేములు బిగించేవాళ్లు ఇంటిదారి పడతారు. పిల్లల చేతికి ముందు ప్లాస్టిక్ పలక, తర్వాత సెల్‌ఫోన్ వచ్చాక రాతి పలక ఎవడిక్కావాలి? మిషన్లు మాత్రం లోపలే ఉంటాయిగా! వాటికి కాపలా కావాలి. మిలిటరీలో చేసొచ్చిన మనిషి దొరికితే ఓనరుకి ఇక నిశ్చింతే.

మా వీధి మిలిటరీ మామ ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దారుగా దిగాడు. ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా ఉంది, భయం లేదన్నారు అందరూ. నిజమే, ఉంది. కేంద్ర కొలువుల్లో గుమాస్తా స్థాయి గ్రూప్-సిలో 10 శాతం, ప్యూను స్థాయి గ్రూప్-డిలో 20 శాతం. మామ ఆ ఇరవై మీదే ఆశ పెట్టుకున్నాడు. తీరా చూస్తే ఆరో వేతన సంఘం పుణ్యాన కేంద్రంలో గ్రూప్-డి అన్నదాన్నే ఎత్తేసి గ్రూప్-సిలో కలిపేశారట. కోటా భద్రంగా ఉంది, ఉద్యోగమే లేదు. బ్యాంకుల్లో అయితే ఆ రెండు స్థాయిలకీ వరసగా 14.5, 24.5 శాతం. అర శాతం కూడా వదలకుండా ఎంత పక్కాగా లెక్క కట్టారో చూడండి! రాష్ట్రంలో 2 శాతం, అదీ నోటిఫికేషన్ పడితే.

రెండేళ్లపాటు, ఉద్యోగం కోసం పేరు నమోదుకి వెళ్లిన ప్రతిసారీ మిలిటరీ వాళ్లిచ్చిన డిశ్చార్జ్ బుక్కు జిరాక్సులు తీయించాడు మామ. ఆ రెండేళ్లలో ఆయన కోటా వల్ల ఖాయంగా ఉపాధి దొరికింది జిరాక్సు షాపు కుర్రాడికే.

ఇప్పుడు అగ్నివీరులొస్తారు. 2022లో సైన్యంలో చేర్చుకోవడానికి పెట్టిన అగ్నిపథ్ పథకం ప్రకారం నాలుగేళ్లు చేశాక నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లు సేవానిధి అనే ఒక్కసారి సొమ్ము పట్టుకుని ఇంటికే. వాళ్లకు మాజీ సైనికుల హోదా లేదు కాబట్టి ఈ కోటా టెన్షనూ లేదు. కాకపోతే ఇంతమందికి గేట్లెక్కడివి? అందుకే ప్రభుత్వానికి నాదొక మనవి. ఉన్న మూతలు చాలవు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేర్చి, నెల్లూరు రొయ్యల మీద తన వంతు సాయం చేసింది. ఎవరో పరాయి దేశం వాళ్లు ఇంత శ్రద్ధ పెట్టాక మనం చేతులు ముడుచుకుని కూర్చోవడం బాగుండదు. చీమకుర్తి గ్రానైట్ ఉంది, కందుకూరు పొగాకు ఉంది. పూనుకుంటే ఊరికో గేటు తెరవొచ్చు, అంటే మూయొచ్చు.

మొన్న సాయంత్రం మామను చూడ్డానికి వెళ్లాను. తుప్పు గేటు, ప్లాస్టిక్ కుర్చీ, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. ఒళ్లో రిజిస్టరు. తేదీ, టైము, పేరు, ఏ పని మీద అని స్కేలు పెట్టి గళ్లు గీశాడు. నెలంతా కలిపి రెండే పద్దులు. ఒకటి కరెంటాయన, మీటరు పీకడానికి. రెండోది "మేకలు 4, మేత".

"సంతకం పెట్టు అల్లుడూ, రూలు రూలే" అన్నాడు. పెట్టాను. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. ఏం రాయమంటావని అడిగాను.

"ఇక్కడ పనేముందిరా, అడ్డగీత కొట్టు."