సవరణ: ఉబుంటు ఎక్కకపోతే ముందే ఫార్మాట్ చేయకండి

అమలాపురంలో మా పెదనాన్నగారి కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలేషన్ సగంలో ‘ఎర్‌నో 5, ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’ అంటూ ఆగిపోయిందనీ, అలాంటప్పుడు హార్డ్‌డిస్క్‌ని ఫార్మాట్ చేసి మళ్లీ మొదలుపెట్టమనీ పోయినవారం రాశాను. ఆ సలహా తప్పు. దయచేసి పాటించకండి.

ఎర్రర్ 5 అంటే చదవడమో రాయడమో కుదరలేదని మాత్రమే. లోపం పెన్‌డ్రైవ్‌ది, కేబుల్‌ది, డిస్క్‌ది, ఏదైనా కావచ్చు. లైవ్ మోడ్‌లోకి (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడపడం) వెళ్లి డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే అంకెల పట్టిక) చూడండి. 197వ నంబరు, అంటే పెండింగ్ సెక్టర్లు (డిస్క్ సరిగా చదవలేకపోతున్న భాగాలు), పెరుగుతూ పోతుంటే డిస్క్ మార్చాల్సిందే. 199, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన సందర్భాలు), పెరుగుతుంటే మాత్రం చాలాసార్లు డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబులే కారణం. పెదనాన్నగారిది ఇదే. కాలవ గట్టు మీది ఇల్లు, ఏడాది పొడుగునా తేమ. కనెక్టర్ పిన్నులు నల్లబడిపోయాయి. కేబుల్ మార్చాక ఇన్‌స్టాలేషన్ ఒక్కసారికే పూర్తయింది. 199లో పాత అంకె తగ్గదు, కంగారుపడకండి. ఇక పెరగకపోతే చాలు.

పాడవుతున్న డిస్క్‌లో పిల్లల ఫొటోలో, పొలం కాగితాలో ఉంటే ముందు డీడీరెస్క్యూతో (పాడైన డిస్క్ నుంచి చదవగలిగినంత డేటాని కాపీ చేసే ప్రోగ్రామ్) వేరే డిస్క్‌లోకి తీసుకోండి. నా మాట నమ్మి ఇప్పటికే క్విక్ ఫార్మాట్ చేసినవాళ్లుంటే, నన్ను క్షమించండి. ఆ హార్డ్‌డిస్క్ మీద ఇంకేమీ రాయకండి, ఫైళ్లు తిరిగి దొరికే అవకాశం ఇంకా ఉంది.