ఒంటె మీద ఒక్కడే వెళ్లాడా?

ఫోన్లలో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అరబ్ ఎడారులను కనిపెట్టింది బ్రిటిష్ యాత్రికులేనట. ఒంటరిగా, ఎడారి మీద ప్రేమ కొద్దీ వెళ్లి, చూసింది చూసినట్టు రాశారట. వాళ్ల రాతలకు సామ్రాజ్యాన్ని అంటగట్టడం మేధావుల పైత్యమట. ఆ పుస్తకాలంటే నాకూ ఇష్టమే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

"సామ్రాజ్యంతో సంబంధం లేదు" అన్నదాంతో మొదలుపెడదాం. 1853లో మారువేషంలో మదీనా, మక్కా చూసొచ్చిన రిచర్డ్ బర్టన్ ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో అధికారి. కంపెనీ ఇచ్చిన ఏడాది సెలవు మీద, లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అండతో వెళ్లాడు. పఠాన్ వేషం అతికినట్టు కుదిరిందంటే, కంపెనీ కొలువులో సింధ్‌లో ఉండగా ఒంటబట్టించుకున్న భాషలు, అలవాట్ల చలవే. ఆ యాత్రా గ్రంథంలోనే ఈజిప్టును యూరప్ నోరూరించే సొమ్ముగా వర్ణించాడు. 1882లో బ్రిటిష్ సైన్యం అక్కడ దిగింది. బర్టన్ రాశాడు కాబట్టే దిగిందని నేననను. కానీ ఆయన కన్ను ఇసుక మీదే లేదన్నది ఆయన మాటల్లోనే ఉంది.

1914 సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆ ఏడాది మొదట్లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా తర్వాత పేరుపడ్డ టి.ఇ. లారెన్స్, పురావస్తు శాస్త్రవేత్త లెనార్డ్ వూలీ దక్షిణ పాలస్తీనా ఎడారిలోకి వెళ్లారు. పైకి చెప్పింది బైబిల్ కాలపు ఆనవాళ్ల వెతుకులాట. పక్కనే బ్రిటిష్ సైన్యపు ఇంజనీర్ల దళం కెప్టెన్ న్యూకోంబ్ తన మనుషులతో ఆ నేలనంతా కొలిచి మ్యాపులు గీయిస్తున్నాడు. నేలేమో ఆటోమన్ తుర్కులది! ఏడాది తిరక్కముందే లారెన్స్, న్యూకోంబ్ ఇద్దరూ కైరోలో బ్రిటిష్ సైనిక గూఢచార విభాగంలో తేలారు. యాత్రికురాలు గెర్ట్రూడ్ బెల్‌దీ అదే దారి. 1913-14లో డమాస్కస్ నుంచి ఉత్తర అరేబియాలోని హాయిల్ దాకా వెళ్లొచ్చిన ఆమెను, ఏ తెగ ఎవరితో కలుస్తుందో తెలిసిన మనిషిగా 1915లో కైరోకు పిలిపించుకున్నారు. 1921లో కైరో సమావేశంలో ఇరాక్‌కు రాజెవరో తేల్చే బల్ల దగ్గర ఆమె కూడా కూర్చుంది.

"అయితే అందరూ గూఢచారులేనా?" అంటారు. కాదు. ఇంగ్లిష్ కవి విల్‌ఫ్రిడ్ బ్లంట్ నడి అరేబియాలోని నజ్ద్ దాకా వెళ్లొచ్చి, ఆ తర్వాత ఈజిప్టు ఆక్రమణను గట్టిగా వ్యతిరేకించాడు. ఇంకో ఇంగ్లిష్ యాత్రికుడు చార్లెస్ డౌటీ కథ మరీ విచిత్రం. 1876లో హజ్ బిడారుతో బయల్దేరాడు. ముస్లింగా వేషం వేయలేదు, క్రైస్తవుణ్నని దాచలేదు. దెబ్బలు తిన్నాడు, దోపిడీకి గురయ్యాడు. బ్రిటిష్ కాన్సుల్ కూడా నాకేం సంబంధమన్నట్టు చేతులు దులుపుకున్నాడు. 1888లో వచ్చిన ఆయన యాత్రా పుస్తకాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు. పోస్టు రాసినవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మరి 1921లో అదే పుస్తకానికి ముందుమాట రాస్తూ లారెన్స్ ఏమన్నాడు? మొదటి ప్రపంచ యుద్ధంలో అది సైనిక పాఠ్యపుస్తకమైందనీ, తూర్పున గెలుపుకు దారి చూపిందనీ. డౌటీ మనసులో ఏముందన్నది వేరే సంగతి.

"చూసింది చూసినట్టు" గురించి ఒక్క ముక్క. చాలా పుస్తకాల్లో అరేబియా అంటే కాలం కదలని ఇసుక. అదే కాలంలో గల్ఫ్ ముత్యాలు బొంబాయి బజారుకు వచ్చేవి, ఏడెన్ పాలన 1839 నుంచి బొంబాయి చేతిలో ఉండేది, కువైట్‌లో 1961 దాకా చెల్లింది మన రూపాయే. ఇదంతా ఎడారి ప్రేమకు అడ్డమేమో, పెద్దగా కనబడదు.

ఇక "ఒంటరిగా" అన్న మాట. బర్టన్ వెంట నూర్ అనే హిందుస్థానీ కుర్రాడు ఉన్నాడు. ఒక తెగ నేల మీదుగా పోవాలంటే ఆ తెగ మనిషి తోడుండాలి. అతణ్ని రఫీక్ అంటారు. కడప, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లకు ఈ మాట కొత్త కాదు, అక్కడ మనవాళ్లను పిలిచేదే అలా. 1946-48 మధ్య దక్షిణ అరేబియాలోని మహా ఎడారి రుబ్ అల్ ఖాలీని రెండుసార్లు దాటిన బ్రిటిష్ యాత్రికుడు థెసిగర్‌కు నీళ్లెక్కడో, శత్రువులెక్కడో చెప్పింది ఇలాంటి తోడే. మొదటిసారి ఆయన వెళ్లింది మిడతల నివారణ సంస్థ డబ్బుతో. పుస్తకాన్ని మాత్రం బిన్ కబీనా, బిన్ గబైషా అనే ఇద్దరు సహచరులకు అంకితమిచ్చాడు. పోస్టు పెట్టినవారు ఆ పేజీ తిప్పేసినట్టున్నారు.