డీజిల్ కర్ర

మా పికప్పు మీటరు 3,12,000 దగ్గర ఆగిపోయి మూడేళ్లయింది, ఆ తర్వాత ఎంత తిరిగిందో దానికీ ఆ దేవుడికే తెలియాలి. ఓఆర్ 20 నెంబరు, అంటే గజపతి జిల్లాదే, ఒడిశా బళ్లకి ఇంకా ఓడీ రాకముందుది. పర్లాకిమిడి నుంచి పలాసకి జీడిపిక్కల బస్తాలు మోసి మోసి వెనక కమాన్ పట్టీలు వంగిపోయాయి గానీ ఇంజన్ మాత్రం పొద్దున్నే ఒక్క సెల్ఫుకి లేస్తాది, మా ఇంట్లో ఇంకెవరూ అలా లేవరు.

డీజిల్ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకే ఒక వెదురు కర్ర పెట్టుకున్నా, ట్యాంకులో ముంచి తీస్తే తడి ఏ గాటు దాకా ఉందో అన్ని లీటర్లు. ఎనిమిదేళ్లు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదది.

ఈ ఏడు ఫిట్‌నెస్ దగ్గరికొచ్చిందని బండిని కొత్తది చేసేద్దామనుకున్నా. డెంటింగు, పెయింటు, బ్రేక్ లైనర్లు, కమాన్ పట్టీలు, అన్నీ అయ్యాక చెయ్యి ఊరుకోక పాత సామాన్ల షాపులో ఫ్లోటు, అంటే ట్యాంకులో తేలుతూ ముల్లుకి లెక్క చెప్పేది, ఒకటి కొని ముల్లు కూడా నేనే బాగుచేశాను. మేస్త్రీ "నాను సూస్తాను బాబూ, వొగ్గీ" అంటే వినలేదు. స్విచ్ ఆన్ చెయ్యగానే ముల్లు టక్కున ఫుల్ మీదకెళ్లి నిలబడింది. ఆ ఆనందంలో కర్ర తీసుకెళ్లి మా ఆవిడకిచ్చేశా, చిక్కుడు పాదుకి పాతుకుంది.

ఆ వారమే మా మరదలి నిశ్చితార్థం, టెక్కలిలో. అరటిగెలలు, సున్నుండల డబ్బాలు, పక్కన మావయ్య. పర్లాకిమిడి బంకు దగ్గర ఆయన "డీజిల్ కొట్టించీవా?" అన్నాడు. ఆంధ్రా కంటే ఇక్కడ డీజిల్ తక్కువ, కాబట్టి సరిహద్దు దాటే ముందు నింపుకోవడం మా ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు. నేను స్టైలుగా ముల్లు చూపించి "ఫుల్లు మావయ్యా" అన్నా.

పాతపట్నం దాటి కాస్త దూరం వెళ్లామో లేదో బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది, ముల్లు మాత్రం ఫుల్లే.

ఒక ఒడియా లారీ డ్రైవరు దిగి "కొణొ హెలా భాయి?" అని మూత తీసి లోపల సెల్‌ఫోన్ లైటు కొట్టి నవ్వాడు. ట్యాంకు మన వేసవి చెరువు. బాటిల్‌తో ఐదు లీటర్లు తెచ్చి పోశాం, అదీ ఆంధ్రా రేటుకి, మావయ్య ఆ తేడా లెక్క నాకు రెండుసార్లు చెప్పాడు. పోసినంత మాత్రాన స్టార్టవ్వదు కదా, డీజిల్ అయిపోతే పైపుల్లోకి గాలి వెళ్లిపోతాది. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ ఉంటే ముందు బుడగలు బుసబుసా వస్తాయి, బుడగలు ఆగి ఒట్టి డీజిల్ వచ్చినప్పుడు బోల్టు బిగించాలి. నేను పంపు కొట్టా, స్పానరు మావయ్య చేతికిచ్చా. బుడగలు ఆగాయో లేదో చూడ్డానికి ఆయన మొహం దగ్గరగా పెట్టాడు, నేను అదే టైముకి గట్టిగా కొట్టా. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మీసం, అన్నీ.

ఓలమ్మో అన్నాడంతే, దారంతా ఇంకో మాట లేదు. ముహూర్తానికి గంట ఆలస్యంగా చేరాం, వియ్యంకుడు అత్తరు అనుకుని పీల్చి తుమ్మాడట.

మర్నాడు మేస్త్రీ చూసి చెప్పాడు, ఫ్లోటు వైరు నేను తిప్పినచోట తొక్క ఊడి బాడీకి తగులుతోందంట, మా బండిలో ఆ వైరు ఎర్త్ అయితే ముల్లు ఫుల్లుకే పోతాదంట, ట్యాంకులో ఏమున్నా లేకపోయినా. "మరేటి, కర్ర ఏదీ?" అన్నాడు.

సాయంత్రం పెరట్లోకెళ్లా. కర్రకి చిక్కుడు తీగ మూడు చుట్లు చుట్టుకుని పువ్వు కూడా వేసింది. మెల్లిగా లాగుతున్నా, వెనక నుంచి మా ఆవిడ "ఆ పాదు మీద చెయ్యేస్తే ఈసారి నీ మీసానికి కొడతాను డీజిలు" అంది.

ఇప్పుడు చీపురు పుల్లతో చూస్తున్నా.