పాత డిస్కులు పాత ఇనుమేనా?

విమానంలోకి ఎక్కిస్తున్న బీరువా అంత పెట్టె ఫొటో ఒకటి, “1956 నాటి 5 ఎంబీ హార్డ్ డిస్క్” అన్న వ్యాఖ్యతో ఏళ్లుగా చక్కర్లు కొడుతోంది. దానికి ఒక వాదన కూడా తోడైంది: అలాంటి యంత్రాల మాన్యువళ్లు స్కాన్ అయ్యాయి, వాటిలోని సమాచారం కొత్త మాధ్యమాల్లోకి ఎక్కింది, కనుక ఆ పాత ఇనుమును భద్రపరచడం దండగ అని.

ముందు ఆ అంకె సంగతి. ఫొటోలోని ఆ హార్డ్ డిస్క్ పేరు ఐబీఎం 350. అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఒక్కో అక్షరానికి సమాచార బిట్లు ఆరే కాబట్టి, ఎనిమిది బిట్లను ఒక బైటుగా లెక్కించే నేటి పద్ధతిలో అది సుమారు 3.75 ఎంబీ. పొరపాటు చిన్నదే.

సమాచారమంతా కాపీ అయిందన్న మాట మాత్రం అంత తేలిగ్గా వదిలేయదగినది కాదు. 1966–67లో నాసా పంపిన ఐదు లూనార్ ఆర్బిటర్ నౌకల చంద్ర చిత్రాలు అప్పుడే ఫిల్ముపైకి ఎక్కి అచ్చయ్యాయి. అయినా నౌకల ప్రసారాలను నమోదు చేసిన అసలు టేపుల్లోని అనలాగ్ సంకేతంలో ఆ ఫిల్ముకు అందని వెలుగునీడల వివరాలు ఉండిపోయాయి. వాటిని చదవగల ఆంపెక్స్ ఎఫ్ఆర్-900 యంత్రాలను నాన్సీ ఎవాన్స్ అనే ఆర్కైవిస్టు తన గ్యారేజీలో దాచి ఉంచబట్టే, 2008లో చంద్రుడి అంచు మీదుగా కనిపించే భూమి చిత్రం మునుపటికన్నా ఎంతో స్పష్టంగా బయటికి వచ్చింది. కాపీ ఉందని ఆ యంత్రాలను తూకానికి వేసి ఉంటే, ఏం పోయిందో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

కాగితాలు చాలన్న వాదనకు ఎడ్శాక్ కథే జవాబు. పాదరసం గొట్టాల్లో ధ్వని తరంగాలుగా బిట్లను తిప్పుతూ 1949లో కేంబ్రిడ్జ్‌లో పని మొదలుపెట్టిన ఆ కంప్యూటరును 1958లో విడగొట్టేశారు. బ్లెచ్లీ పార్కులో దాని ప్రతిరూపాన్ని కట్టబూనినవారికి మిగిలిన ఆధారాలు అరకొరే. పని చాలా దూరం సాగాక, 2014లో గానీ 19 సర్క్యూట్ చిత్రాలు వెలుగు చూడలేదు. పైగా ఆ ప్రతిరూపంలో పాదరసానికి బదులు నికెల్ తీగలు వాడారు. దీనికి భిన్నంగా, కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో బాగుచేసిన ఐబీఎం 350ని చూడండి: 24 అంగుళాల పళ్లేలు 50 ఒకే ఇరుసుపై తిరుగుతుంటే, వాటికి తగలకుండా సంపీడిత గాలి నిలిపే రెండు హెడ్లతో (సమాచారాన్ని చదివే, రాసే భాగాలతో) ఒకే చేయి పైకీ కిందికీ కదులుతూ కావలసిన పళ్లేన్ని వెతుక్కుంటుంది. అసలు లోహంలోనే ఇది ఇంకా కనిపిస్తోంది.

ఇక డిజిటల్ అయ్యాక భయమేముందన్నది చివరి మాట. 1986లో బ్రిటన్ జనజీవనాన్ని నమోదు చేసిన బీబీసీ డోమ్స్‌డే ప్రాజెక్టు సమాచారమంతా కంప్యూటరుతో చదివే లేజర్ డిస్కులపైకే ఎక్కింది. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిని చదివే ప్లేయర్లు అరుదైపోయాయి. దాన్ని ఎమ్యులేషన్ ద్వారా, అంటే పాత యంత్రం పనితీరును కొత్త కంప్యూటరులో అనుకరించి, కాపాడబూనిన పరిశోధకులకు కూడా, డిస్కులోంచి సమాచారం తోడడానికి ముందుగా పనిచేసే ప్లేయరే కావలసి వచ్చింది.